నొప్పి గుండెదా, ఛాతీ గోడదా?

బైపాస్ ఆపరేషన్ అయిన మూడు నాలుగు నెలలకు చూపించుకోవడానికి వచ్చేవాళ్లు డాక్టర్‌ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "గుండె మంచిగైంది అన్నరు గద సార్, మరి రొమ్ము ఎందుకిట్ల సలుపుతాంది?" డాక్టర్ ఈసీజీ చూస్తారు, ఎకో చూస్తారు, అంతా బాగుందంటారు. ఎదుటి మనిషికి నమ్మకం కుదరదు. అంతా బాగుంటే నొప్పెందుకు, నొప్పుంటే అంతా బాగున్నట్టెలా? నిజానికి ఇద్దరి మాటా సరైనదే. గుండెకు రక్తం అందుతోంది. సలుపుతున్నది ఆ గుండెను చేరడానికి డాక్టర్లు తెరిచిన దారి.

జగిత్యాల, కోరుట్లల మధ్య ఉన్న మేడిపల్లి లాంటి చోట బైపాస్ ఇప్పుడు వింత మాటేం కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక భూమి అమ్ముకోకుండానే గుండె ఆపరేషన్ చేయించుకునే వీలు పేదలకు దొరికింది. తెలంగాణలో ఆ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆపరేషన్ కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో అవుతుంది. వారం పది రోజులకు మనిషి ఇల్లు చేరతాడు. ఏ రక్తనాళానికి ఏ గ్రాఫ్టు (రక్తాన్ని దారి మళ్లించే నాళం) వేశారో డిశ్చార్జ్ కాగితంలో వివరంగా ఉంటుంది, మందుల పేర్లు ఉంటాయి. నొప్పి ఎన్నాళ్లుంటుంది, ఎలాంటిది మామూలు, ఎలాంటిదైతే పరుగెత్తుకు రావాలి అన్న దాని మీద ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. ఆ ఖాళీని ఇంట్లోవాళ్ల భయమూ వాడకట్టులోని తలా ఒక సలహా నింపుతాయి.

మెడ కింది గుంట నుంచి కడుపు మొదలు దాకా ఛాతీ మధ్యలో జానెడు పొడవున ఉండే బల్లపరుపు ఎముకే రొమ్ము ఎముక. సర్జన్ దాన్ని కరెంటు రంపంతో నిలువునా రెండుగా కోస్తారు. స్టీలు రిట్రాక్టర్ పెట్టి ఆ రెండు సగాలను మెల్లగా పక్కలకు తెరుస్తారు. ముందువైపు అంత ఎడం చేస్తే ఆ ఒత్తిడి పక్కటెముకల వెంట వెనక వెన్ను దాకా పోతుంది. కొన్నిసార్లు పక్కటెముక సన్నగా చిట్లుతుంది కూడా. ఆపరేషన్ తర్వాత వీపు, భుజాల మధ్య పట్టేసినట్టు ఉందనేవాళ్లు ఊరికే అనరు. పని అయ్యాక ఎముక సగాలను దగ్గరికి తెచ్చి ఆరో ఎనిమిదో స్టీలు తీగలతో మెలిపెట్టి బిగిస్తారు. ఆ తీగలు లోపలే ఉండిపోతాయి. చెయ్యి విరిగితే పట్టీ వేసి కదలకుండా ఉంచవచ్చు. ఛాతీకి ఆ అవకాశం లేదు. మనిషి రోజుకు ఇంచుమించు 20 వేల సార్లు ఊపిరి తీస్తాడు, ఊపిరి తీసిన ప్రతిసారీ ఆ అతుకు కాస్త కదులుతుంది. అలా కదులుతూనే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎముక పట్టుకుంటుంది, గట్టిపడడానికి మూడు నెలలు, కొందరికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

ఇంత కోత అవసరమా అనిపిస్తుంది. కైరోలో హెర్బర్ట్ మిల్టన్ అనే సర్జన్ 1897లో ఈ దారి గురించి రాశాడు. దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1957లో చికాగోలో ఓర్మండ్ జూలియన్ బృందం మళ్లీ ముందుకు తెచ్చింది. అప్పటిదాకా గుండె కోసం పక్కటెముకల మధ్యనుంచి ఛాతీని అడ్డంగా తెరిచేవారు. దానికంటే ఈ నిలువు కోత త్వరగా అవుతుంది, నొప్పీ తక్కువ. అంటే ఇప్పుడు మనం తిట్టుకుంటున్న దారి ఉన్నవాటిలో నయమైనదే. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో కాలి సిరతో బైపాస్ పద్ధతికి రూపమిచ్చాడు. మన దేశంలో మొదటి బైపాస్‌ను 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు.

నొప్పి కథలో అసలు మలుపు కాలి సిర దగ్గర లేదు, ఛాతీ గోడ లోపలి ధమని దగ్గర ఉంది. రొమ్ము ఎముకకు అటూ ఇటూ లోపలివైపు ఒక్కో ధమని దిగుతుంది. ఎడమవైపు దాన్ని గోడ నుంచి విడదీసి, దాని కొనను గుండె ముందువైపు ప్రధాన రక్తనాళానికి కుడతారు. పదేళ్ల తర్వాత కూడా ఈ ధమని నూటికి తొంభై మందిలో తెరుచుకునే ఉంటుంది. కాలి సిరల్లో సగం దాకా అప్పటికి మూసుకుపోతాయి. కాబట్టి సర్జన్లు దీన్ని వదులుకోరు, వదులుకోకూడదు కూడా. అయితే ఆ ధమనిని విడదీసేటప్పుడు పక్కనే పక్కటెముకల కింద నడిచే నరాల సన్నని కొమ్మలు సాగుతాయి, వేడికి కాలతాయి, కొన్ని తెగుతాయి. ఆ ధమని మళ్లిపోవడంతో ఎముకలో ఆ సగానికి అందే రక్తం కూడా కొంతకాలం తగ్గుతుంది. ఎడమ ఛాతీ మొద్దుబారిందని, అదే చోట సుర్రుమని మండుతోందని ఒకే మనిషి చెప్పడం ఇందుకే. వినేవాళ్లకు ఇది పొంతన లేని మాటలా ఉంటుంది. నరం దెబ్బతింటే జరిగేది సరిగ్గా అదే. చర్మానికి తాకిడి తెలియదు, లోపల మాత్రం మంట.

తెలంగాణ పల్లెల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి గుర్తుందా? పొలానికి నీళ్లు కావాలా వద్దా అన్నదానితో పని లేదు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచేది. దెబ్బతిన్న నరం అచ్చం అలాంటిదే. గాయం మానిపోయాక కూడా చిన్న కదలికకో చల్లగాలికో చొక్కా రాసుకుంటేనో తనంతట తాను సంకేతం పంపుతుంది. ఆ సంకేతాలు వారాల తరబడి వస్తూ ఉంటే వెన్నుపాములోని నరకణాలు కూడా అలవాటు పడి, చిన్నదాన్నే పెద్దగా చేసి మెదడుకు చేరవేస్తాయి. అప్పుడు ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. మనిషి మాత్రం రాత్రి ఎడమవైపు ఒత్తిగిలలేడు.

ఇలాంటివాళ్లు ఎంతమంది? ప్రపంచంలోని అనేక పరిశోధనలను కలిపి పోర్చుగల్ పరిశోధకులు 2017లో ఒక లెక్క తేల్చారు. గుండె ఆపరేషన్ అయిన వాళ్లలో మొదటి ఆరు నెలల్లో నూటికి 37 మందికి నొప్పి వదలకుండా ఉంది, రెండేళ్లు దాటాక కూడా 17 మందికి ఉంది. అందరిదీ భరించలేని నొప్పి కాదు. అయినా ముగ్గురిలో ఒకరికి పైగా ఎదురయ్యేదాన్ని "అదేం లేదు, మనసుల పెట్టుకోకు" అని కొట్టిపారేయడం సరికాదు. మూడు నెలలు దాటినా వదలని శస్త్రచికిత్స నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఇప్పుడు ప్రత్యేకంగా చోటుంది. ఆడవాళ్లకు, వయసు తక్కువున్నవాళ్లకు, ఆపరేషన్ ముందు నుంచే దిగులు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో నొప్పి గట్టిగా ఉండి దానికి సరిగ్గా మందు పడనివాళ్లకు వస్తుంది. ఓర్చుకుంటే పోతుందనుకుని పళ్లు బిగబట్టినవాళ్లే తర్వాత ఎక్కువ అనుభవిస్తారన్నమాట.

ఎడమ చేతి చివరి రెండు వేళ్ల తిమ్మిరి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, దీనివల్ల ఎన్నో ఇళ్లలో అర్ధరాత్రి ఏడుపులు లేస్తాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కగానే మళ్లీ గుండెపోటే అనుకుంటారు. రిట్రాక్టర్ తెరిచినప్పుడు పై పక్కటెముక కదిలి, మెడ నుంచి చేతికి దిగే నరాల గుంపు కింది పాయ సాగడం వల్ల వచ్చే తిమ్మిరి చాలాసార్లు అది. ఎక్కువమందికి వారాల్లో, కొందరికి నెలల్లో పోతుంది. అప్పటికప్పుడు మొదలై, చెమటతోనో ఆయాసంతోనో కలిసి వస్తే మాత్రం దాని లెక్క వేరు.

ఇక నొప్పి గోలీలు, సూదుల ముచ్చట. ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

పల్లెలో నొప్పి అనగానే మొదట గుర్తొచ్చేది ఆర్‌ఎంపీ, ఆయన చేతిలో డైక్లోఫెనాక్ సూది. నడుం నొప్పికి అదే, మోకాళ్లకు అదే, పంటికీ అదే. బైపాస్ అయిన మనిషికి ఇది ప్రమాదం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ అన్నీ ఒకే కుటుంబం మందులు. నొప్పి పుట్టించే రసాయనాలను ఆపుతూనే ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపేస్తాయి, మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి, రక్తం గడ్డకట్టే వైపు మొగ్గు పెంచుతాయి. కొత్తగా కుట్టిన గ్రాఫ్టులో గడ్డ కడితే ఆపరేషన్ మొత్తం వృథా. 2005లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఈ కుటుంబంలోనే కొత్త రకాలైన పారెకాక్సిబ్, వాల్డెకాక్సిబ్ ఇచ్చిన బైపాస్ రోగుల్లో 2 శాతం మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో అది 0.5 శాతమే. వాల్డెకాక్సిబ్ ఆ ఏడే మార్కెట్ నుంచి పోయింది. బైపాస్ నొప్పికి ఈ కుటుంబం మందులు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ పెట్టె కట్టి మరీ హెచ్చరిక ముద్రించమంది. గుండె మోతాదు ఆస్పిరిన్ మాత్రం ఇందులోకి రాదు, గ్రాఫ్టు మూసుకోకుండా కాపాడేది అదే. ఐబుప్రొఫెన్ అందులోనూ వేలు పెడుతుంది. ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోటును ముందే ఆక్రమించి దాని పని చెడగొడుతుంది.   

కాబట్టి సూది వేయించుకునే ముందు "నాకు బైపాస్ అయింది" అన్న మాట నోట రావాలి. మందుల దుకాణంలో "నొప్పికి ఒక గోలి" అని అడగొద్దు, పేరు అడగాలి. తొలి వారాలకు పారాసిటమాల్ నమ్మకమైనది. 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరేసి గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు దాటకుండా, అదీ నొప్పి ముదిరాక కాకుండా గంట ప్రకారం వేసుకోవాలి. కాలేయం జబ్బున్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు డాక్టర్‌ను అడిగి మోతాదు తగ్గించుకోవాలి. మూడు బంతుల గొట్టంతో ఊపిరి వ్యాయామం చేయడానికి అరగంట, ముప్పావుగంట ముందు మాత్ర వేసుకుంటే ఊపిరి నిండుగా తీయగలుగుతారు. నొప్పికి జడిసి పైపైన ఊపిరి తీసేవాళ్లకు కఫం చేరి న్యుమోనియా వస్తుంది, దాని దగ్గుతో కుట్లు అదురుతాయి, నొప్పి ఇంకా పెరుగుతుంది. దగ్గొస్తే చిన్న మెత్తను ఛాతీకి రెండు చేతులా హత్తుకుని దగ్గాలి.

ఇంటికి రాగానే చాలామందిని పడుకోబెట్టేది నులక మంచం మీద. అందులోంచి లేవాలంటే రెండు చేతులూ పట్టెల మీద ఊని ఛాతీని పైకి గుంజుకోవాలి. అతుకుతున్న ఎముక మీద దాంతో బరువు పడుతుంది. గట్టి మంచమో చెక్క బల్లో వెయ్యండి. లేవాలంటే ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, ఆ ఊపులో లేవాలి. నేల మీది మరుగుదొడ్డిలో గోడ పట్టుకుని గుంజుకుని లేవడం కూడా అంతే, మూడు నెలలపాటు ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ తెచ్చుకుంటే తీరిపోతుంది. నిండు బిందె పది పదిహేను కిలోలుంటుంది. తొలి ఆరు నుంచి ఎనిమిది వారాలు రెండు మూడు కిలోలు దాటి ఎత్తొద్దని డాక్టర్లు చెప్పేది ఆ బిందెను, బియ్యం సంచిని, చంకకెక్కే మనవణ్ని తలచుకునే. బోరింగు కొట్టొద్దు, బండి నడపొద్దు. అయితే చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. మోచేతులు పక్కలకు ఆనించి ఉంచి చేసే చిన్న పనులు ఎముకకు హాని చేయవని ఇటీవలి ఆలోచన. అసలు కదల్చకపోతే భుజాలు బిగుసుకుపోయి కొత్త నొప్పి తయారవుతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టూ ఈ ఛాతీ నొప్పి బీడీలు చేసే ఆడవాళ్ల సమస్య కూడా. ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, భుజాలు ముందుకు ముడుచుకుని గంటలకొద్దీ తునికాకు చుట్టే భంగిమ ఛాతీ ముందరి కండరాలను పొట్టిగా చేస్తుంది. కోసి కుట్టిన ఛాతీతో మూడో నెలలోనే అదే భంగిమలోకి వెళితే రొమ్ము ఎముకకు పక్కటెముకలు కలిసే మెత్తటి కీళ్లు వాచి, వేలు పెడితే చాలు జివ్వుమంటాయి. అరగంటకోసారి చాట పక్కన పెట్టి, గోడకు వీపు ఆనించి భుజాలు వెనక్కి తిప్పడం, చాటను ఒళ్లోంచి తీసి కాస్త ఎత్తైన పీట మీద పెట్టుకోవడం మందుతో సమానం. రొమ్ముల బరువు కుట్టును రెండు వైపులా లాగుతుంది కాబట్టి ఆడవాళ్లు ముందు హుక్కులుండే మెత్తటి బ్రా పగలూ రాత్రీ వేసుకోవాలి. ఆ మాట చెప్పడానికి మగ డాక్టర్లు మొహమాటపడతారు, అడగడానికి వీళ్లు సిగ్గుపడతారు, నొప్పి మాత్రం మిగులుతుంది.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పించడం ఇంకో తప్పు. పప్పు తింటే చీము పడుతుందన్న మాటకు ఆధారం లేదు. మాంసకృత్తులు లేకుండా ఎముకా చర్మమూ దేనితో అతుక్కుంటాయి? చీము పట్టించేవి అదుపులేని షుగరు, బీడీ పొగ, మురికి చేతులు. పసుపు పండించే నేల కదా అని కుట్టు మీద పసుపు ముద్ద పెట్టేవాళ్లూ ఉన్నారు. కూరలో ఎంతైనా వేసుకోండి, ఛాతీ మీద వద్దు.

కల్లు గురించీ ఒక మాట. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం కలపడం కొత్త విషయం కాదు. నరాల నొప్పికిచ్చే ప్రెగాబాలిన్, గబాపెంటిన్, ట్రమడాల్ కూడా మత్తు కలిగించేవే. రెండూ కలిస్తే రాత్రి నిద్రలో ఊపిరి మందగిస్తుంది. కల్లు అలవాటుంటే డాక్టర్ దగ్గర దాచొద్దు, ఒక్కసారిగా మానేయడానికీ ఆయన సలహా కావాలి.

నొప్పి ఛాతీ గోడదో గుండెదో తేల్చడానికి మూడు ప్రశ్నలు పనికొస్తాయి. వేలితో చూపించగలరా, అరచేయి పెట్టి చూపిస్తున్నారా? తిరిగితే, దగ్గితే, నొక్కితే పెరుగుతుందా, నడిస్తే పెరిగి ఆగితే తగ్గుతుందా? ఆపరేషన్‌కు ముందు వచ్చిన నొప్పిలాగే ఉందా? ఒక్క చోట వేలితో చూపించి, నొక్కితే కలుక్కుమనేది ఎక్కువగా గోడ నొప్పే. అరచేయి పెట్టి బరువు మోపినట్టుంది అంటే, దవడకో చేతికో పాకితే, చెమట, ఆయాసం ఉంటే అది గుండెదనే అనుకోవాలి. అప్పుడు కూర్చుని, డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ గోలి వేసి చూద్దామని గంట గడపొద్దు. షుగరున్నవాళ్లకు గుండెనొప్పి అసలు నొప్పిలా రాకపోవచ్చు, ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. అందుకే ఈ ప్రశ్నలు ఇంట్లో భయం తగ్గించడానికి పనికొస్తాయి గానీ ఈసీజీకి బదులు కావు. ఈసీజీ కోసం ఇప్పుడు కరీంనగర్ దాకా పోనక్కర్లేదు. 2022 నవంబరులో జగిత్యాలలో, మరుసటి ఏడు సిరిసిల్లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి.

ఇంకో రెండు నొప్పులు వేరుగా తెలియాలి. మొదటి ఆరు వారాల్లో జ్వరంతో పాటు, పడుకుంటే పెరిగి ముందుకు వంగి కూర్చుంటే తగ్గే నొప్పి గుండె చుట్టూ ఉన్న పొర వాచడం వల్ల రావచ్చు. దానికి కోల్చిసిన్ లాంటి మందులున్నాయి, ఏది వాడాలో కార్డియాలజిస్టు చెప్పాలి. పక్కకు తిరిగినప్పుడో దగ్గినప్పుడో రొమ్ములో "టక్" మని కదిలినట్టు తెలిస్తే, కుట్టు ఎర్రబడి తడి ఊరితే ఎముక అతుకు వదిలిందేమో, చీము పట్టిందేమో చూడాలి. మరుసటి నెల చెకప్ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించుకోవాలి.

ఇవేవీ లేకుండా మూడు నెలలు దాటిన మంట, కరెంటు షాక్ లాంటి పోట్లు, బట్ట తగిలితే సహించలేకపోవడం ఉంటే అది నరాల నొప్పి. పారాసిటమాల్ దానికి చాలదు. గబాపెంటిన్ లేదా ప్రెగాబాలిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల్లో మెల్లగా పెంచుతారు. రెండు రోజులు వేసుకుని పని చేయలేదని పారేయకూడదు, బాగుందని ఒక్కసారిగా ఆపకూడదు. ప్రెగాబాలిన్‌తో కాళ్లు వాస్తాయి. గుండె బలహీనమైందేమోనని ఇంట్లో కంగారు పుడుతుంది, కాబట్టి అలా వాస్తే డాక్టర్‌కు చెప్పి తేల్చుకోవాలి. కిడ్నీ బలం తగ్గినవాళ్లకు మోతాదు వేరు. అమిట్రిప్టిలిన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుంది, కార్డియాలజిస్టుకు తెలియకుండా వాడొద్దు. పెద్ద ఆసుపత్రుల్లో నొప్పికే ప్రత్యేకంగా పనిచేసే మత్తు డాక్టర్లుంటారు, వాళ్లు నరం దగ్గర మందు పెట్టి మంట తగ్గించగలరు. చర్మం కింద స్టీలు తీగ కొన చేతికి తగులుతూ అక్కడే పొడుస్తుంటే, ఎముక పూర్తిగా అతికాక ఆ ఒక్క తీగను తీసేయొచ్చు. చిన్న పని.

దుబాయ్, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఆత్రం వేరు. వీసా గడువు ముంచుకొస్తుంటుంది, ఎముక మాత్రం తన మూడు నెలలు తీసుకుంటుంది. కూర్చుని చేసే పని అయితే అంతకుముందే వెళ్లొచ్చేమో గానీ సిమెంటు బస్తాలు మోసే పనికి సర్జన్ ఒప్పుకున్నాకే వెళ్లాలి. సంచిలో డిశ్చార్జ్ కాగితం నకలు, యాంజియోగ్రాం సీడీ, మందుల అసలు పేర్లు రాసిన చీటీ ఉండాలి, ఎందుకంటే ఇక్కడి బ్రాండు పేర్లు అక్కడ పనికిరావు. నరాల నొప్పికి ప్రెగాబాలిన్ గానీ ట్రమడాల్ గానీ వాడుతుంటే ఇంకో జాగ్రత్త. యూఏఈలో ఈ రెండూ నియంత్రణలో ఉన్న మందులు. డాక్టర్ చీటీతో అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ముందే తీసుకోకుండా స్ట్రిప్పులు సంచిలో వేసుకుని దిగితే విమానాశ్రయంలోనే కేసు కావచ్చు.